కాశయ్య మామ ఒంటి తుమ్ము

మా కాశయ్య మామ పిల్లనగ్రోవి పట్టాడంటే తుమ్ముతాడు. రెండుసార్లు తుమ్మితే ఏ బాధా లేదు, దోషం దానికదే పోతుంది. మామ మాత్రం ఒక్కటంటే ఒక్కటే తుమ్మేవాడు.

అప్పటికి మాది బస్తరు రాజ్యం. శబరి ఒడ్డున మా పల్లెలో అయిదుగురం కలిసి పిల్లనగ్రోవులు వాయించేవాళ్లం. ఒకే వెదురు బొంగును మొదలు నుంచి కొస దాకా కోసి మామే అయిదూ చేశాడు. మొదలు వైపుది అన్నిటికంటే పెద్దది. అది నాకే కావాలని పట్టుబట్టి తీసుకున్నాను. కొసది, జానెడు ముక్క, మామకు మిగిలింది.

పాట మంచి ఊపు మీద ఉండి, నేను పెద్దదానిలో దీర్ఘం తీసే వేళకు మామ "హాఛ్" అనేవాడు. ఒంటి తుమ్ము అపశకునం. అందరం వాయిద్యాలు దించి, కూచుని, మంచినీళ్లు తాగి, ఆగిన చోటు నుంచి ఎత్తుకునేవాళ్లం. అప్పుడు నా దీర్ఘం దివ్యంగా సాగేది. మామ అడ్డుపడకపోతే మొదటిసారే అంత బాగా వచ్చేదని ఊరంతా చెప్పుకు తిరిగాను.

సోమక్క కూతురి పెళ్లిలోనూ ఇదే వరస. ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి నిలదీసింది.

"ఏంది కాశన్నా, ఇది నా బిడ్డ పెండ్లా, నీ ముక్కు పెండ్లా?"

"ఏం జేద్దు సోమక్కా. ముక్కు నా మాట ఇనదు."

బొటనవేలి గోటి కింద ఎప్పుడూ చిటికెడు నశ్యం దాచుకుని తిరిగే మనిషి ముక్కు ఇంకెవరి మాట వింటుంది? నశ్యం పిచ్చోడని నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఒక ఏడు తహసీలు నుంచి కబురొచ్చింది. దసరాకు జగదల్‌పూర్ పోయి పెద్దల ముందు వాయించాలట. ఆ రోజే మామ ఇంటికి వెళ్లాను.

"మామా, నువ్వు రాకు. ఆడ తుమ్మితే మన పరువేం గావాలె?"

మామ నా చేతిలోని పెద్ద పిల్లనగ్రోవినే చూశాడు. "నీకు దమ్ము సాలుతదా రాఘవులూ?"

"నా దమ్ముతోని నీకేం పని? నీ ముక్కు సంగతి సూస్కో."

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను. పిల్లనగ్రోవి చేసిచ్చిన మనిషిని, దాన్నే చేత్తో పట్టుకుని అలా అన్నాను.

జగదల్‌పూర్‌లో ఇసకేస్తే రాలనంత జనం. పాట దీర్ఘం దగ్గరికి వచ్చింది. ఊదుతున్నాను, ఊదుతున్నాను, సగంలో గాలి అయిపోయింది. పిల్లనగ్రోవి కుయ్యిమంది. ముందు వరసలో పాగాలు ఒకదానివైపు ఒకటి తిరిగాయి.

సరిగ్గా అప్పుడే జనంలోంచి "హాఛ్".

ఒక్కటే.

"ఒంటి తుమ్ము. ఆపండి, నీళ్లు తాగండి" అని పక్కనున్న ముసలాయన హెచ్చరించాడు. అందరి చూపులూ తుమ్మినవాడి కోసం వెనక్కి మళ్లాయి. నా కుయ్యి సంగతి ఎవరికీ పట్టలేదు.

నీళ్లు తాగుతూ మా జట్టులోని మాసా నెమ్మదిగా అన్నాడు. "పోయినేడు నువ్వు జరంతో పండుకుంటే నెలంత నువ్వూ నీ పెద్దదీ లేకుంట వాయించినం. మామ ఒక్కపాలి గూడ తుమ్మలే."

నా చెవులు కాలిపోయాయి. పెద్దది మాసాకిచ్చి, వాడి చిన్నది తీసుకున్నాను. మాసా దీర్ఘం తీస్తే పాట ఒడ్డున పడింది.

అయ్యాక వెతికితే మామ జనం వెనక కళ్లు తుడుచుకుంటూ దొరికాడు. కాళ్లనిండా దుమ్ము.

"ఎందుకొచ్చినవ్ మామా?"

"ఈడ నశ్యం మంచిగుంటదంటే వచ్చిన."

"నీకు నశ్యం పడనే పడదని ఇప్పుడు తెల్సింది. కండ్లు సూడు, ఎట్ల ఎర్రగైనయో."

నేను వంగి కాళ్లు పట్టుకున్నాను. "తప్పయింది మామా. ఆ నశ్యం డబ్బీ ఇటియ్యి, శబరిల పారేస్త. ఇంక దాంతో పనిలేదు."

మామ డబ్బీని మొలలో భద్రంగా దోపుకున్నాడు.

"ఉండనియ్యిరా. మాసా దమ్ము ఎంతదో ఇంక పూర్తిగ తెల్వది గద."