బస్సులో పారబోసిన ఫార్మలిన్

గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక జారీ అయిన ఆ జులైలో నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి పాథాలజీ విభాగానికి అధిపతిని. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. పాథాలజిస్టు రోగిని చూడడు, రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను చూస్తాడు. సర్జన్ కోస్తాడు, మేం జబ్బుకు పేరు పెడతాం, కేన్సర్ డాక్టర్ మందు రాస్తాడు. చిన్న ఊళ్ళ నుంచి ఆ ముక్కను మా దాకా మోసుకొచ్చేది మాత్రం రోగి ఇంటివాళ్ళే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

ఒక ఉదయం దావీదు అనే రైతు ప్లాస్టిక్ డబ్బాతో వచ్చాడు. వాళ్ళది భద్రాచలం అవతల అడవి అంచు ఊరు. భార్య మార్తమ్మకు రొమ్ము కేన్సరని సూది పరీక్షలో తేలితే, భద్రాచలంలో ఒక నర్సింగ్ హోమ్‌లో రొమ్మునూ చంకలోని గ్రంథులనూ తీసేశారు. అది ఏ రకం కేన్సరో చెప్పడం మా వంతు.

రకమంటే ఏమిటో కాస్త చెప్పాలి. ప్రతి కణానికీ చుట్టూ పలుచని పొర ఉంటుంది. ఆ పొరలో హెర్-2 అనే ప్రోటీన్ కొంత బయటికీ కొంత లోపలికీ నిలబడి ఉంటుంది. కాలింగ్ బెల్ లాంటిదే, మీట బయట, మోత లోపల. 'పెరుగు' అనే కబురు కణం లోపలికి అందించడం దాని పని. కొన్ని కేన్సర్లలో ఈ ప్రోటీన్ లెక్కకు మించి పుట్టుకొస్తుంది, కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, కణాలు విపరీతంగా పెరుగుతాయి. దాన్ని పట్టి ఆపే ఇంజెక్షన్ ఉంది. ఖరీదైనది. సర్కారు పథకంలో రావాలంటే మా రిపోర్టులో పాజిటివ్ అని ఉండాలి. మేం రంగు వేసినప్పుడు కణం పొర చుట్టూ గోధుమరంగు గీత నిండుగా కనబడితేనే పాజిటివ్ అంటాం. పొర చెడితే చూడ్డానికి ఏమీ మిగలదు. అందుకే ముక్కను కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ అనే ఘాటైన మందునీళ్ళలో ముంచి పంపుతారు.

డబ్బా మూత తీసిన మా టెక్నీషియన్ సుజాత ముక్కు మూసుకుంది. ఫార్మలిన్ ఘాటు లేదు, కుళ్ళిన వాసన వచ్చింది. అందులోని నీళ్ళేవని దావీదును అడిగాను.

"బస్సుల అందరికి కండ్లు మండినయ్ సార్. ఒక పసిపిల్ల ఒకటే ఏడుపు. కండక్టర్ లొల్లి పెట్టిండు. గందుకే పారబోసి, బోరింగ్ కాడ మంచిగ కడిగి, ఐసు పెట్టుకొచ్చిన. జల్దీ తెద్దమనుకుంటే వాగు పొంగి బస్సు ఆడనే ఆగిపాయె."

ఎంతో జాగ్రత్తగా పని చేసుకొచ్చిన మనిషిలా చెప్పాడు. కోపం నషాళానికంటింది. కానీ ఎవరి మీద చూపను? పక్కవాళ్ళ పిల్ల ఏడుస్తుంటే చూడలేకపోయినవాడి మీదా? నర్సింగ్ హోమ్ డాక్టర్‌కు ఫోన్ చేసి గట్టిగా గడ్డి పెట్టాను. పారబోయకూడదని డబ్బా మీద చీటీ అంటించాం కదండీ అన్నాడాయన. అంటించారు, ఇంగ్లీషులో.

ఉన్నంతలో బాగున్న చోట్లు ఏరి పరీక్ష చేశాం, మళ్ళీ చేశాం. పొరలు చితికిపోయి, రంగు అలికినట్టు పరుచుకుంది. సూది పరీక్షలో తీసిన కణాలు అప్పుడే అయిపోయాయి. గడ్డ మొత్తం ఆ డబ్బాలోనే ఉంది, ఇంకో ముక్క ఎక్కడా లేదు.

ఆ నీళ్ళు పారబోయడంతో ముక్క చెడి రకం తేలలేదని దావీదుకు చెప్పాను. "ఉన్నదని రాయుండ్రి సార్, మీ చేతుల పనే గదా," అన్నాడు. ఆ ఇంజెక్షన్‌తో కొందరికి గుండె బలహీనపడుతుందనీ, అవసరమో కాదో తెలియకుండా ఇప్పించలేననీ చెప్పాను. 'తేల్చడం సాధ్యం కాదు' అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ మనిషి డబ్బా సంచిని మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిన తీరు మరవలేను.

మార్తమ్మకు మామూలు కీమో ఇచ్చారు. ఏడాది దాటాక జబ్బు కాలేయంలో తేలింది. భద్రాచలంలోనే స్కాన్‌లో చూస్తూ సూదితో సన్నటి ముక్క తీశారు. ఈసారి సీసా మూత ఏ కాస్త లీకైనా ఎవరైనా దింపేస్తారని దావీదు బస్సు ఎక్కలేదు. మిర్చి బస్తాల ట్రాలీ ఆటోలో, బస్తాల మీద కూర్చుని ఖమ్మం దాకా వచ్చాడు. సీసాలో ఫార్మలిన్ నిండుగా ఉంది. ప్రతి కణం చుట్టూ ముదురు గోధుమరంగు గీత, నూటికి నూరుపాళ్ళు పాజిటివ్.

రిపోర్టు చేతికిస్తే అతను అడిగింది ఒక్కటే. "అప్పుడు గూడ గిదే ఉండెనా సార్?"

బహుశా అదే ఉండి ఉంటుందన్నాను. అబద్ధం చెప్పాల్సిందేమోనని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. "అవ్," అని తలూపి వెళ్ళిపోయాడు.

ఇంజెక్షన్ మొదలుపెట్టారు, కొన్నాళ్ళు పనిచేసింది. మార్తమ్మ మళ్ళీ వానాకాలం చూడలేదు.

ఆ తర్వాత మాకు ముక్కలు పంపే ప్రతి నర్సింగ్ హోమ్‌కూ ఒక నియమం పెట్టించాను. ముక్క ఎవరి చేతికిస్తున్నారో వాళ్ళకు ఆ నీళ్ళు ఎందుకో వాళ్ళ మాటల్లోనే చెప్పాలి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి. పరీక్ష మైక్రోస్కోపు దగ్గర మొదలవుతుందని నేను ముప్పై ఏళ్ళు విద్యార్థులకు పాఠం చెప్పాను. అది డబ్బా చేతికిచ్చే చోట మొదలవుతుంది. "కండ్లు మండినా పారబోయకు, పారబోస్తే ఆమెకు మందు దొరకదు" అని చెప్పడానికి నిమిషం పట్టదు. మొదటిసారి డబ్బా చేతికిచ్చినప్పుడు దావీదుకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.