వల కుర్చీలు

సిరిసిల్లలో మా గల్లీ చివరింటి పెద్దబాపు మరమగ్గం పని వదిలి, కొన్నేళ్లు మాల్దీవుల్లో ఒక చిన్న దీవిలో మేస్త్రీగా చేసి వచ్చాడు. రాగానే అక్కడి ఇళ్ల ముందు ఉండేలాంటి నాలుగు వల కుర్చీలను తాళ్లతో అల్లి, వాకిట్లో ఇనుప చట్రానికి వేలాడదీశాడు. సాయంత్రం ఒకదాంట్లో కూర్చుని, దారిన పోయేవాళ్లను చూసి పక్క కుర్చీ తట్టేవాడు. అందరూ నవ్వి, బండి ఆపకుండానే వెళ్లిపోయేవాళ్లు.

ఒకరోజు నేను కూర్చున్నాను.

"అక్కడ గివన్నీ రోజు నిండుతుండెనా, పెద్దబాపూ?"

"నిండకపోతయా బిడ్డా? గా దీవిల ఎటు పోయినా జరంత దూరంల సముద్రమే అడ్డమస్తది. ఇంకేడికి పోతరు? అచ్చి కూసుంటరు. మనకు పోను తొవ్వలెక్కువాయె."

ఇంతలో నా ఫోన్ మోగింది. లేచాను. ఖాళీగా ఊగుతున్న నా కుర్చీని ఆయన చేత్తో పట్టి ఆపాడు.