గాలయ్య క్లచ్చి కాలు

మోకాలు నొస్తుందని గాలయ్య ఎవ్వరికీ చెప్పలే. పెండ్లాం బాలలక్ష్మికి చెప్పలే, ఎనక నిలవడి టికెట్లు కొట్టే కండక్టర్ పరమేశ్‌కు చెప్పలే. చెప్తె డిపోల తెలుస్తది. తెలిస్తె స్టీరింగు మీదికెల్లి దించి ఏ మూలకో కూసోవెడ్తరు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది, గంతల నన్నెందుకు దించుతరు, సచ్చినా దిగ అన్నది గాయన పట్టు. మొండోడు రాజు కంటె బలవంతుడంటరు. గాలయ్య ఆ మొండోళ్ళందరికి మేస్త్రి.

మెదక్ బస్టాండులకెల్లి కౌడిపల్లి మీదుగా శివ్వంపేట దిక్కు పోయే పల్లె బస్సు గాయనది. ఏండ్లకేండ్లు గదే రూటు. తొవ్వల ఏ గుంత ఏ వానకు పడ్డదో కండ్లు మూసుకోని చెప్తడు. మనిషి పొట్టి, మాట గట్టి. ఎవడన్న డోరు కాడ వేలాడితె, "ఏందిరో, నీ అయ్య కొన్నడా ఫుట్‌బోర్డు? లోపటికి జరుగు!" అని లేస్తడు. గని తొవ్వ పక్కన ఎవరన్న చెయ్యెత్తితె సాలు, స్టేజీ ఉన్నదా లేదా అని సూడడు, ఆపుతడు.

గప్పటి బస్సుల ముచ్చటే వేరుండె. ఇంజను డబ్బా డ్రైవర్ పక్కనే, పొయ్యి లెక్క కాలుతుండె. దాని మీద చద్దరు పరిచి పిల్లలను కూసోవెడ్తుండ్రి, కోళ్ళ గంప పెడ్తుండ్రి. సీతాఫలాల కాలమొస్తె గాలయ్య సీటు కింద కాయలు దొర్లుతనే ఉండె. పెండ్లయి అత్తగారింటికి పోయే పిల్ల ఏడ్సుకుంట ఎక్కితె ఈయన బండి జర నిమ్మలంగ తోలుతుండె. మల్ల ఏడాదికి గదే పిల్ల సంకల బిడ్డనేసుకోని చెయ్యెత్తితె, ఆపి, "ఏం బిడ్డా, మీ అయ్య పోలికనే గద!" అంటుండె. గా దినాలు యాదికొస్తె గాయనకు కడుపు నిండినట్టయితుండె. చెయ్యెత్తిన ప్రతి మనిషి తనను నమ్మినట్టే అని గాయన నమ్మకం.

గా నమ్మకమే మోకాలికి ఎసరు పెట్టింది. ఆపిన ప్రతిసారి ఎడమ కాలు క్లచ్చి తొక్కాలె, గేరు దించాలె, మల్ల తొక్కాలె, గేరు ఎక్కియ్యాలె. పాత బండి క్లచ్చి తొక్కుడంటె మొండి ఎద్దును నూకినట్టే. ఆడోళ్ళకు చార్జీ లేని కాలమొచ్చినంక ఆపుడు ఇంకింత ఎక్కువైంది. మొదట్ల బస్సు మెట్లు దిగేటప్పుడు మోకాలి చిప్ప కింద సురుక్కుమంటుండె. తర్వాత కూసోని లేస్తె కాలు పట్టేస్తుండె. ఇగ మోకాలు మడిస్తె లోపట కరకర సప్పుడు. ఒకనాడు గా సప్పుడు బాలలక్ష్మి ఇన్నది.

"ఏమయ్యా, నీ మోకాలు పండ్లు కొరుకుతుందేంది?" అన్నది.

"నీ ముచ్చట ఇని ఇని దానికి కోపమొచ్చింది, పో" అని మాట దాటేసిండు.

పసుపు పట్టీ ఏసిండు, ఆముదం ఆకు కట్టిండు, బిగ్గన గుడ్డ సుట్టుకోని డ్యూటీకి పోయిండు. తొక్కనీకి బలం సాలుతలేదని సీటు ఇంకింత ముందుకు జరుపుకున్నడు. అదే పెద్ద తప్పని గాయనకు తెల్వది.

ఎండకాలంల ఒకనాటి పగలు. బస్సు కిక్కిరిసి ఉంది. కౌడిపల్లి దాటేసరికి మోకాట్ల నిప్పు పెట్టినట్టుంది. ముంగట ఎర్రమట్టి బాట కాడ యాదవ్వ నిలవడ్డది. చిక్కుడుకాయలు, వంకాయలు అమ్ముకునే ముసలామె, నెత్తి మీద గంప, ఒక చెయ్యి పైకి. ఎన్నేండ్ల సంది ఆపుతున్నడో ఆమె కాడ! గాలయ్య కాలు క్లచ్చి దిక్కు జరిగింది. మోకాలు వద్దన్నది. గాయన సూపు తొవ్వ మీదనే పెట్టి బండి పోనిచ్చిండు.

"అన్నా! యాదవ్వ నిలవడె గద!" అని పరమేశ్ ఒర్లిండు.

"సూడలే" అన్నడు గాలయ్య.

సూసిండు. అద్దంల గూడ సూసిండు. దుమ్ముల ముసలామె చెయ్యి ఇంకా దించలే. ఎనకకొస్తడేమో అనుకుంటుంది పాపం. గాలయ్యకు పానం సుక్కుమన్నది. మోకాలి నొప్పికి రాని కండ్లనీళ్ళు గప్పుడొచ్చినయి. ఉద్యోగం కాపాడుకోనీకి నొప్పి దాస్తి, నొప్పి దాసనీకి మనిషిని ఇడిచిపెడ్తి, ఇగ నేను కాపాడుకున్నదేంది అని తనను తనే తిట్టుకున్నడు.

తెల్లారి లీవు పెట్టి దవాఖానకు పోయిండు. ఎముకల డాక్టర్ ఎబినేజర్ నిమ్మలమైన మనిషి. ఫొటో తీయించి, మోకాలి చిప్పను వేలుతోని అటిటు కదిపి సూసిండు.

"గాలయ్యగారు, ఈ చిప్ప ఊకె అతికిచ్చింది కాదు. మీరు కాలు మడిచి సాపినప్పుడల్లా తొడ ఎముక మీద ఒక కాలువల జారుతుంటది. జారేందుకు చిప్ప కింద నున్నటి గుజ్జు ఉంటది. మీది మెత్తవడి గరుకయ్యింది."

"మొత్తం అరిగిందా సార్? ఆపరేషనా?" అన్నడు గాలయ్య.

"మొత్తం కాదు, ఆపరేషన్ వద్దు. గని గా గుజ్జుకు నెత్తురు సరిగ అందది, మానుడు ఆలిస్యం. తొడ కండ గట్టిగుంటె చిప్ప తన తొవ్వల తను పోతది. కండ సన్నవడితె పక్కకు గుంజుకపోయి రాసుకుంటది. మందుల కంటె కసరత్తు ముఖ్యం. కింద కూసోవద్దు, మెట్లు తగ్గించుండ్రి, నొచ్చినకాడ ఐసు పెట్టుండ్రి. కొన్ని నెలలు క్లచ్చి ముట్టద్దు."

కసరత్తు నేర్పే పిల్ల పేరు సృజన. బండిల ఎట్ల కూసుంటరో సూపియ్యమన్నది. గాలయ్య కుర్చీల కూసోని మోకాలు రొమ్ముకానుకునేటట్టు పెట్టి సూపిచ్చిండు. ఆ పిల్ల నెత్తి కొట్టుకున్నది.

"అంకుల్, ఇంత దగ్గర కూసుంటె బరువంత చిప్ప మీదనే గద! సీటు ఎనకకు జరపాల్సింది పోయి ముందుకు జరిపిండ్రా? సరే, గోడకు ఈపు ఆనిచ్చి నిలవడుండ్రి. గట్లనే కిందికి జారుండ్రి. సగం దాక గూడ వద్దు, జరంత."

గాలయ్య జారి ఆగిండు. నవ్వాపుకోలేకపోయిండు.

"ఇది గోడకుర్చీ గద బిడ్డా! ఎక్కాలు రాకుంటె మా సారు ఏపిచ్చిండు. ఇగ గీ వయసుల మల్లనా?"

"గప్పుడు సక్కగ ఏసుంటె ఇప్పుడీ తిప్పలుండకపోయేటియి అంకుల్" అని సృజన గూడ నవ్వింది.

దినాం ఇంట్ల గోడకుర్చీ, పండుకోని కాలు సాపి లేపుడు. బాలలక్ష్మి పక్కన నిలవడి, "ఇంకింత, ఇంకింత, మా డ్రైవర్ సాబ్!" అని ఏడిపిస్తుండె. నెలలు తిరిగేసరికి కరకర తగ్గింది, మెట్లు దిగినా సురుక్కు లేదు. డాక్టరు రాసిచ్చిండు: నడపొచ్చు, గని ఊకె ఆపి తోలే రూటు వద్దు, మల్ల తిరగవెడ్తది. డిపోల పెద్దసారు మంచోడు. "గాలయ్యా, హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. తొవ్వల ఆపేది ఉండది. లేదంటె బస్టాండుల ఎంక్వయిరీ కాడ కూసో. ఆలోచించి రేపు చెప్పు" అన్నడు.

స్టీరింగు ఇడిచే పనే లేదు! గాలయ్యకు ఎగిరి గంతెయ్యాలనిపిచ్చింది. గని పానం ఊకుంటలేదు. గా పొద్దే యాదవ్వ ఇంటికి పోయిండు.

ముసలామె వాకిట్ల కూసోని చిక్కుడుకాయలు ఏరుతుంది. సూడంగనే మొకం ఎలిగిపోయింది. "ఎన్ని దినాలాయె బిడ్డా! నువ్వు లేనప్పుడు ఎవడో కొత్తోడు వచ్చిండు, నన్ను మిట్టమధ్యానం ఎండల ఇడిచిపోయిండు. వాని కాలిరగ అని తిట్టిన."

గాలయ్య ఆమె పక్కన అరుగు మీద కూసున్నడు. "కొత్తోడు కాదవ్వా. నేనే. మోకాలు నొచ్చి ఆపలే."

యాదవ్వ చేతుల కాయలు కింద పడ్డయి. ఆయన మొకం సూసింది, కాలు సూసింది, నోరు కొట్టుకున్నది. "నా నోట్ల మన్నువడ! నా తిట్టే తాకిందా నీ కాలుకు?"

"బోడిగుండుకు మోకాలికి ముడివెట్టకవ్వా! నువ్వు తిట్టకముందే అరిగింది. చిప్ప కింద గుజ్జు ఉంటదట..." అని డాక్టరు చెప్పినదంత, పెద్దసారు బండి మారమన్న ముచ్చట గూడ చెప్పిండు. గుజ్జు ముచ్చట ఆమె ఇననే లేదు. లేసి పోయి గుప్పెడు ఉప్పు తెచ్చి, ఆయన మోకాలి సుట్టు తిప్పి, దూరంగ పారేసొచ్చింది.

"బిడ్డా, నువ్వు నీ బండే నడుపు. నా కాడ ఆపకు. నేనే స్టేజీ దాక నడిచొస్త. నీ కాలుకు ఒక ఆపుడన్న తప్పుతది."

గట్లని మల్ల కూసునేటప్పుడు రెండు చేతులతోని రెండు మోకాళ్ళు పట్టుకున్నది. గవి ఎన్నడో వంకరపోయినయి. ఇన్నేండ్లు ఆమె చెయ్యే సూసిండు గని కాళ్ళు సూడలేదు గాలయ్య. పిల్లగాని లెక్క ఏడ్సిండు. నా కాలు కోసం ఈమె నడవాల్నా? హైదరాబాద్ తొవ్వల మాత్రం యాదవ్వలు లేరా?

తెల్లారి పెద్దసారు ముంగట నిలవడి, "దిగుత సార్, ఎంక్వయిరీ కాడనే కూసుంట. చెయ్యెత్తినోళ్ళను దాటిపోయే బండి నాతోని కాదు" అన్నడు. స్టీరింగు పట్టని చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక జేబులల్ల పెట్టుకోని బయటికొచ్చిండు.

గా వారమే యాదవ్వను ఎంబడివెట్టుకోని దవాఖానకు పోయిండు. డాక్టర్ ఎబినేజర్ ఆమె మోకాళ్ళు వంచి సూసుకుంట, "ఈమె మీకేమైతది గాలయ్యగారు?" అని అడిగిండు.

"నేను ఆపకుంట పోయిన మనిషి సార్" అన్నడు గాలయ్య.

యాదవ్వ గయ్యిమన్నది. "అబద్ధం సారూ, నమ్మకుండ్రి. గీయన ఎన్నడు ఆపకుంట పోలే."