పట్టుకారు మామయ్య, డ్రిల్లింగ్ మిషన్

మా మామయ్యను వీధిలో అందరూ పట్టుకారు అంటారు. కోడలిగా వచ్చిన కొత్తలో అది తిట్టేమోననుకుని ఎదురింటి బేకరీ ఆవిడతో తగువు కూడా పెట్టుకున్నాను. ఆవిడ పడీ పడీ నవ్వి, "తిట్టు కాదమ్మాయ్, బిరుదు! మీ మామగారు చెయ్యి వేస్తే ఏదీ కదలదు," అంది. ఆవిడ చెప్పింది నిజమేనని వారం తిరక్కుండానే తెలిసింది. ఎవరైనా ఏ పనైనా మొదలుపెడితే చాలు, మామయ్య పక్కన ప్రత్యక్షం. బల్బు మార్చడానికి స్టూలెక్కితే స్టూలు పట్టుకుంటారు. మేకు కొడితే మేకు పట్టుకుంటారు. దుప్పటి పిండితే రెండో కొస ఆయన చేతిలోనే. ఒకసారి నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే, "సూది నేను పట్టుకోనా అమ్మా?" అని అడిగారు. నవ్వాలో విసుక్కోవాలో తెలియక సూది ఇచ్చేశాను.

ఆయన చేసిన ఉద్యోగమూ అదే. కరెంటు ఆఫీసులో హెల్పరు. లైన్‌మన్ పైకెక్కితే కింద నిచ్చెన పట్టుకుని నిలబడటం. రిటైరయ్యేదాకా తాను పైకెక్కిందీ లేదు, ఎక్కుతానని అడిగిందీ లేదు. "పైనున్నవాడు కిందికి చూడకుండా పని చేసుకున్నాడంటే అది నా పనితనమే," అని కాస్త గొప్పగానే చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, ఆయన పట్టుకున్న నిచ్చెన మీదనుంచి ఒక్కరూ పడలేదు మరి.

అత్తయ్యది ఫోటో ఫ్రేముల కొట్టు. పగలంతా ఈయనకు నిచ్చెన, సాయంత్రమైతే ఆవిడ ఫ్రేములు. ఆయన చెక్క ముక్కల మూలలు కలిపి పట్టుకుంటే, ఆవిడ సన్న మేకులు టకటకా దిగ్గొట్టేది. కొట్టులో వినిపించే మాటలు కూడా అవే.

"కాస్త ఇటు."

"ఆఁ."

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నా, కానియ్."

చిన్నప్పుడు బల్ల కింద పడుకుని ఆ మాటలు వింటూ నిద్రపోయేవాణ్ణని మా ఆయన చెబుతాడు. సరసమైనా, సంసారమైనా వాళ్లకి ఆ నాలుగు మాటలే. నాతో గంటలు గంటలు మాట్లాడే మా ఆయన, నేను స్టూలెక్కితే మాత్రం కనపడడు. ఆ గుణం తండ్రి నుంచి ఎందుకు రాలేదో నాకిప్పటికీ అంతుపట్టదు.

కొట్టు పూర్తిగా మూసేశాక కూడా అత్తయ్య చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఇంటి వెనక సామాన్ల గది ఖాళీ చేయించి స్టూళ్లూ, చిన్న అల్మారాలూ చేయడం మొదలుపెట్టింది. ఒకరోజు వ్యానులోంచి డ్రిల్లింగ్ మిషన్ దిగింది. చేత్తో పట్టుకుని గోడలకు వేసే రకం కాదు, బల్లకు బోల్టులతో బిగించి నిలబెట్టే రకం. పైన మోటారు, కింద ఇనుప పీట, పక్కన పిడి. పిడి తిప్పితే గిర్రున తిరిగే బిట్ నెమ్మదిగా కిందికి దిగి చెక్కకు నిటారుగా బెజ్జం పెడుతుంది. మొదటి బెజ్జం పెట్టి, చెక్కను కంటికి ఆనించుకుని, అందులోంచి నన్ను చూసి, "అబ్బ, ఎంత తిన్నగా ఉందే!" అని అరవై దాటిన ఆవిడ గెంతింది. ఆవిడ సంబరం చూసి నేనూ గెంతాను.

మిషన్‌తో పాటు ఒక బరువైన ఇనుప బిగింపు వచ్చింది. దాన్ని వైస్ అంటారట. పని చేసే ముక్కను దాని దవడల మధ్య పెట్టి, పీటకు బిగించి, అప్పుడు మాత్రమే స్విచ్ వెయ్యాలని అమ్మినతను మరీ మరీ చెప్పి వెళ్లాడు. మామయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇదెందుకు?"

"చెక్కను పట్టుకోవడానికి," అంది అత్తయ్య.

"మరి నేనో?"

నవ్వుతూనే అన్నారు గానీ మొహం చిన్నబోయింది. అత్తయ్య ప్రాణం ఒప్పలేదు. "ఇది చిన్న ముక్కలకు లెండి. మిగతావి మీరు పట్టుకుందురుగాని," అంది. ఇంకేముంది, వైస్ గోనెసంచీలోకీ, సంచీ బల్ల కిందికీ పోయాయి. పెళ్లయిన నాటినుంచీ ఒకరు పట్టుకుంటే ఒకరు కొట్టిన మనుషులు కదా, ఇనుప ముక్క మొగుడి చోటు లాక్కుంటుంటే ఆవిడ చూస్తూ ఊరుకోలేకపోయింది.

నేను ఆసుపత్రిలో నర్సును. ప్రమాదాల వార్డులో పని. వేళ్లకు కట్లు కట్టీ కట్టీ నా నోరు కాస్త కరుకైంది. ఆ ఏర్పాటు చూడగానే ఒళ్లు మండింది.

"కనీసం గ్లౌజులైనా వేసుకోండి మామయ్యా!" అన్నాను.

"మిషన్ అమ్మినతను గ్లౌజులు అస్సలు వద్దన్నాడే," అంది అత్తయ్య. "తిరిగే బిట్‌కు గుడ్డ చిక్కితే చేతిని కూడా లాక్కుపోతుందట. అందుకే ఉంగరం, వాచీ తీసేశాం. చొక్కా చేతులు మడిచాం. నేను జుట్టు కట్టేసుకున్నాను. పొట్టు కళ్లలో పడకుండా కళ్లద్దాలు పెట్టుకున్నాం. చూడు!"

"ఇన్ని గుర్తున్నాయి, ముక్కను చేత్తో పట్టుకోవద్దన్న మాట ఒక్కటే గుర్తులేదా?"

ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు. దొంగ మొహాలు!

బేకరీ ఆవిడ అల్మారా తలుపుకు పల్చటి ఇనుప రేకు ఒకటి బిగించాల్సి వచ్చింది. రేకుకు బెజ్జాలు పెట్టాలి. అత్తయ్య స్విచ్ వేసింది, మామయ్య రెండు వైపులా వేళ్లతో అదిమి పట్టుకున్నారు. బిట్ అడుగుకు చేరేదాకా అంతా బాగానే ఉంది. రేకును చీల్చుకుని అవతలికి దిగే క్షణంలో బిట్ అంచు దాన్ని పట్టేసింది. అంతే, రేకు ఆయన చేతుల్లోంచి ఊడి, ఫ్యాను రెక్కలా గిర్రున తిరిగింది. అత్తయ్య కేకకు నేను వంటగదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి మిషన్ ఆగింది. మామయ్య చొక్కా గుండీ ఒకటి ఎగిరిపోయింది, అరచెయ్యి చీరుకుని రక్తం కారుతోంది. దేవుడి దయ, లోతు దెబ్బ కాదు.

ఆసుపత్రికి తీసుకెళ్లి కుట్లు వేయించాను. దారి పొడవునా ఆయన నొప్పి మాటే ఎత్తలేదు. "వదిలేశానమ్మా," అంటారు. కాసేపాగి మళ్లీ, "ఎప్పుడూ వదల్లేదు, ఇవాళ వదిలేశాను."

"వదిలేశారు కాబట్టే వేళ్లు మిగిలాయి మామయ్యా!" అని నడివీధిలో అరిచాను. అరిచాక ఏడుపొచ్చింది.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య సంచీలోంచి వైస్ బయటికి తీసి పీటకు బిగించేసింది. మామయ్య చేతి కట్టు చూసి, మొహం తిప్పుకుని, "మీరిక ఈ గదిలో అడుగుపెట్టొద్దు," అంది. ఆయన సరేనని తలూపారు. నాకూ అదే న్యాయమనిపించింది. ఆ పూటకు.

తర్వాత మొదలైంది నా అవస్థ. గదిలోకి పోనివ్వకపోతే మనిషి ఊరుకుంటాడా? నేను పిండి కలిపితే గిన్నె పట్టుకున్నారు. పళ్లు తోముకుంటుంటే అద్దం పట్టుకోవాలా అని అడిగారు. మా ఆయన బూట్లు వేసుకుంటుంటే భుజం పట్టుకున్నారు. తను కంగారుపడి, "నాన్నకు ఒంట్లో బాగుందా?" అని నన్ను చాటుకు పిలిచి అడిగాడు. ఒంట్లో భేషుగ్గా ఉంది, చేతులకే పని లేదు.

లోపల అత్తయ్య పని చక్కగా సాగుతూనే ఉంది. వైస్ బిగిస్తోంది, పల్చటి రేకు కింద చెక్క ముక్క పెట్టి రెంటినీ కలిపి బిగిస్తోంది, పొట్టు చేత్తో తుడవకుండా మిషన్ ఆపాక బ్రష్‌తో దులుపుతోంది. అన్నీ పద్ధతిగానే. కానీ గెంతులు లేవు. ఒకరోజు టీ ఇవ్వడానికి వెళితే ఆవిడ నా వైపు వీపు పెట్టి పిడి మీద చెయ్యి వేసి ఉంది.

"పట్టుకున్నారా?" అంది.

పక్కన ఎవరూ లేరు. పిడి వదిలేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నేను చప్పుడు చెయ్యకుండా టీ వెనక్కి తెచ్చేశాను. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. కొట్టులో మొదలై ఇంత దూరం వచ్చిన ఆ నాలుగు మాటలూ ఈ ఇంట్లో ఇక వినిపించవేమోనని.

మర్నాడు వెనక గదిలో ఢామ్మని చప్పుడైంది. రేకు డబ్బాను ఎవరో రాయి పెట్టి కొట్టినట్టు. నేనూ, మామయ్యా ఒకేసారి లేచాం. నాకన్నా ఆయనే ముందు చేరారు. చేరారు గానీ, గుమ్మం దగ్గర టక్కున ఆగిపోయారు. ఒక కాలు పైకెత్తి, మళ్లీ దించుకుని, "లోపలికి రావచ్చా?" అని అడిగారు.

"అయ్యో, రండి!" అంది అత్తయ్య. మిషన్ ఆపేసి, గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు.

జరిగింది ఇది. మిషన్‌లో బిట్ పెట్టాక, అది జారకుండా చక్ కీ అని చిన్న ఇనుప చెవితో తిప్పి బిగిస్తారు. బిగించిన వెంటనే కీ తీసెయ్యాలి. మామయ్యను బయటికి పంపాక బిట్ మార్చడం అదే మొదటిసారి, అత్తయ్య కీ తియ్యకుండానే స్విచ్ వేసింది. కీ బాణంలా ఎగిరి ఎదుటి గోడ దగ్గరున్న రంగుల డబ్బాకు సొట్ట పెట్టింది. ఆ దారిలో మనిషి తల ఉంటే ఏమయ్యేదో నాకు వార్డులో చూసిన అనుభవం ఉంది, చెప్పను.

"అన్నీ జాగ్రత్తగా చేస్తారు కదా అత్తయ్యా, దీన్నెలా మరిచిపోయారు?" నా గొంతు లేచింది.

"మరిచిపోలేదే. అసలు నేను ఎప్పుడూ తియ్యలేదు." అత్తయ్య తనలో తాను ఆలోచించుకుంటూ అంది. "నేను బిగించి చెయ్యి తీసేదాన్ని. తర్వాత కీ దానిలో ఉండేది కాదు. ఎవరు తీసేవారో... ఏమండీ, మీరేనా?"

మామయ్య బల్ల కిందికి వంగి కీ వెతుకుతున్నారు. "నేనే. నువ్వు బిగించగానే తీసి పట్టుకునేవాణ్ణి. చేతికి ఏదో ఒకటి ఉండాలి కదా."

"చెప్పలేదేం?"

"ఇదీ ఒక పనేనా, చెప్పడానికి?"

అత్తయ్య ఆయన్ని చూసిన చూపు నేను ఎప్పటికీ మరిచిపోను. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియదు. "మిమ్మల్ని బయటికి పంపి నా తల మీదికి తెచ్చుకున్నాను చూడండి," అంది.

"సరే, ఇక నా మాట వినండి," అని నేను నడుం బిగించాను. నర్సుగా చెబుతున్నాను, కోడలిగా కాదు అన్నాను. ముక్కను పట్టుకునేది వైసే, చెయ్యి కాదు. స్విచ్చూ, పిడీ అత్తయ్యవి. మామయ్య గుమ్మం పక్కన గీత దగ్గర నిలబడాలి, తిరిగేది పూర్తిగా ఆగేదాకా గీత దాటకూడదు. కీ మాత్రం ఆయనది. చెయ్యి పైకెత్తి కీ చూపిస్తే తప్ప అత్తయ్య స్విచ్ ముట్టుకోకూడదు. గీత సుద్దతో నేనే గీశాను. మామయ్య దాని మీద అరికాళ్లు సరిగ్గా ఆనించి, కళ్లద్దాలు పెట్టుకుని, కీ ఎత్తి చూపారు.

"పట్టుకున్నారా?" అంది అత్తయ్య.

"పట్టుకున్నా, కానియ్!"

ఆ కేకకు బేకరీ ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పండు వెన్నెలే అనుకోండి. అత్తయ్య గెంతులు తిరిగొచ్చాయి. మామయ్య కళ్లద్దాలు తీయడం మరిచిపోయి పేపరు కూడా వాటితోనే చదువుతున్నారు. నా పిండి గిన్నె జోలికి రావడం మానేశారు.

మొన్న మామయ్య వాళ్ల అక్కకు మోకాలి ఆపరేషన్ అయితే, చూడ్డానికి ఆయన పక్క ఊరు బయల్దేరారు. బస్సు కదిలిందో లేదో ఫోను. నేనే ఎత్తాను, స్పీకర్ పెట్టాను.

"అమ్మాయ్, కొంప మునిగింది. కీ నా జేబులో వచ్చేసింది. మీ అత్తయ్య పని ఆగిపోతుంది. వచ్చే స్టాపులో దిగిపోతున్నా."

"దిగకండి మామయ్యా! హార్డ్‌వేర్ షాపులో ఇంకోటి దొరుకుతుంది, నేను తెచ్చిస్తాను. గీత దగ్గర కూడా నేనే నిలబడతాను," అన్నాను.

"దొరుకుతుంది, నాకు తెలుసు," అంది అత్తయ్య పక్కనుంచి. "నువ్వు నాకన్నా జాగ్రత్తగా నిలబడతావనీ తెలుసు. నాకు వద్దు." ఫోను దగ్గరికి వంగింది. "ఏమండీ, మీ అక్కను నిమ్మళంగా చూసుకుని రండి. మీరొచ్చేదాకా మిషన్‌తో నాకేం పని? ప్లగ్గు తీసేశాను."

అవతల బస్సు హోరు. దాన్ని మించి మామయ్య గొంతు, బస్సంతా వినేలా.

"ఏమోయ్, జేబులో లేదు. చేతిలోనే ఉంది. పట్టుకునే ఉన్నా."

"ఆఁ, పట్టుకోండి," అంది అత్తయ్య.

తర్వాత ఇద్దరూ ఒక్క మాట కూడా అనలేదు, ఫోను పెట్టెయ్యనూ లేదు. దాన్ని పట్టుకుని నిలబడ్డ నా చెయ్యి పీకుతోందన్న ధ్యాస వాళ్లకుంటేగా!