చిన్నాన్న ఇంగ్లీషు, అవ్వ తిట్లు

కుక్కలంటే ప్రాణమని చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట పెట్టినవాడు మా చిన్నాన్న.

వేలూరులో మేస్త్రీగా ఉన్నవాడు, ఎటు చూసినా కొత్త ఇళ్లు లేస్తున్న ఆ రోజుల్లో కాంట్రాక్టరయ్యాడు. కలర్ టీవీ, కారు, వాటి వెనకే ఒక అల్సేషన్ కుక్క వచ్చాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కుక్కతో మాత్రం ఇంగ్లీషు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా సిట్, కమ్, గో. "జాతి కుక్కప్పా, మన భాష దానికి రాదు" అని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. గిన్నె కడిగి అన్నం పెట్టేది మా పిన్ని. గొలుసు పట్టుకుని ఫోటో దిగేది ఆయన.

దానికి గజ్జి పట్టి బొచ్చు ఊడేసరికి ప్రేమ కూడా ఊడింది. గుడియాత్తంలో మా అవ్వ ఇంటి ముందు దాన్ని దించి, "బాగైనాక తీసకపోతాలేమ్మా" అని కారు దిగకుండానే వెళ్లిపోయాడు.

అవ్వకు కుక్కలంటే గిట్టదు. గడప తొక్కితే చీపురు తీసే మనిషి. పెట్టిన అన్నం అది ముట్టకపోతే, కొడుకు మాట నమ్మి, పక్కింటి టీచరమ్మను పిలిచి "తినమని ఇంగ్లీషులో చెప్పు తల్లీ" అని అడిగింది. టీచరమ్మ చెప్పింది. కుక్క తినలేదు. అవ్వకు చిర్రెత్తుకొచ్చి, "తింటే తిను, లేకుంటే చావు ముండా" అని గిన్నె ముందే చతికిలబడింది. అది తినింది.

అప్పటినుంచి వేపాకు, పసుపు నూరి పూయడం, పూసినంతసేపూ తిట్టడం. ఒక్కనాడు ముద్దు చేయలేదు. పుండ్లు మానాయి, బొచ్చు వచ్చింది. అయినా కారు హారన్ వినబడితే చాలు, ఆ పిచ్చిది వీధి గుమ్మానికి పరుగెత్తేది. దాన్ని వెనక్కి లాక్కురావడం అవ్వ దగ్గరుండే నా పని.

ఒకరోజు నిజంగానే చిన్నాన్న వచ్చాడు.

"బాగైందే! కొత్త ఇంటికాడ కావలి లేక కష్టంగా ఉండాది. తీసకపోతామ్మా."

కమ్ అన్నాడు. అది తోకూపుకుంటూ కారెక్కింది.

అవ్వ కారు కిటికీ పట్టుకుంది. "దానికి తిట్టకుంటే ముద్ద దిగదు నాయనా. తిట్టేదానికి నీకు ఇంగ్లీషు వస్తాదా?"

ఆయన నవ్వి అద్దం ఎత్తేశాడు.

కుక్కలంటే గిట్టదని అవ్వ ఆ తర్వాత కూడా చెప్పేది. కానీ కారు హారన్ వినబడితే, చేతిలో పని వదిలేసి వీధి గుమ్మానికి వెళ్లేది.