టికెట్ కిటికీ ఎటువైపు

బాబాయి సుద్దపొడి పట్టించిన దారాన్ని గోడకు బిగించి, మధ్యలో రెండు వేళ్లతో లాగి వదిలాడు. టప్పున తెల్లటి గీత పడింది. దాని మీదే పాత సినిమా హాలు లేవాలి.

అసలు హాలు పడగొట్టి, అక్కడే ఈ దుకాణాల భవనం కట్టారు. పక్కగోడ మీద హాలు బొమ్మ వేసే పని బాబాయికి అప్పగించారు. పిన్ని పెళ్లికి ముందూ తర్వాతా ఆ హాల్లోనే టికెట్లు ఇచ్చింది. పడగొట్టాక ఆ వీధి మొహం చూడలేదు. ఈ బొమ్మ కోసమైనా ఆమె మళ్లీ అటు అడుగు పెట్టాలని బాబాయి ఆశ.

బాబాయిది దుకాణాల అద్దాల మీద పేర్లు రాసే పని. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వానకి చెదరకుండా రంగు అద్దానికి లోపలివైపు వేయాలి. అంటే అక్షరాలన్నీ తిరగేసి రాయాలి. అలా రాసీ రాసీ, ఆయన చేతికి తిరగేసిందే తిన్ననిదైపోయింది.

బొమ్మ పూర్తి కావస్తుండగా పిన్ని వచ్చింది. మెట్లు, ఇనుప గేటు, పోస్టర్ల బోర్డు, పెచ్చులూడిన చోటుతో సహా అన్నీ ఉన్నాయి. చాలాసేపు చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏమయ్యా, నన్నెక్కడ కూర్చోబెట్టావు?"

"నీ కిటికీలోనే. అదిగో."

"నా కిటికీ గేటుకి కుడిపక్క కదా! నువ్వు తీసుకెళ్లి సైకిల్ స్టాండులో పడేశావు."

బాబాయి నిచ్చెన దిగి, వీధి అవతలికి నడిచి, వెనక్కి తిరిగాడు. హాలు మొత్తం అద్దంలో చూసినట్టు అటుదిటూ ఇటుదటూ అయ్యింది.

"ఉండనివ్వండి పెయింటరుగారూ, వచ్చే వారమే ప్రారంభం. ఎవరికి గుర్తుంటుంది?" అన్నాడు భవనం కట్టిన మేస్త్రీ.

"కూర్చున్న మనిషికి గుర్తుంది," అంటూ బాబాయి గోడంతా మళ్లీ తెల్లగా కొట్టడానికి సున్నం బకెట్ అందుకున్నాడు.

ఆ వారమంతా పిన్ని ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. "గేటు ఇంకా కిందికి. వంగకపోతే నీకు తల తగిలేది, మర్చిపోయావా?" "ఆ కిటికీ చెక్క అంత నున్నగా ఉండేది కాదు. నా మోచేతుల్ని అడుగు." బాబాయి ఆమె చెప్పినట్టల్లా దిద్దాడు. ఇంటికి వెళ్లేటప్పుడు కూడా పిన్నికి ఆ కబుర్లే.

చివరి రోజు మేస్త్రీ వచ్చి, కుడిపక్క కిటికీ ముందు చెయ్యి చాపాడు.

"అమ్మా, రెండు టికెట్లు."

"హౌస్‌ఫుల్. రేపు త్వరగా రా," అంది పిన్ని, స్టూలు మీంచి లేవకుండానే.

బాబాయి కుంచెలు కడిగి గుడ్డలో చుట్టాడు. నిచ్చెన మడిచి మేస్త్రీ చేతికిచ్చాడు.

"ఇక ఈ గోడ మీ సొంతం."