ఊడదీసిన ఎర్త్ వైరు

ఇన్నేళ్లుగా గుండె మీద ఒక బరువు మోశాను. పోయిన శుక్రవారం దించుకున్నాను. అయినా మీకు కూడా చెప్పాలనిపిస్తోంది. ఒకసారి నోరు తెరిచాక ఇక దాచడం చేతకావడం లేదు.

నేను కరెంటు పనివాణ్ణి. సభలకు, పాటల ప్రోగ్రాములకు స్తంభం నుంచి స్టేజీకి తాత్కాలికంగా లైను లాగి ఇస్తాను. ఆ రోజు అమరచింత దగ్గర ఒక ఊళ్లో ప్రోగ్రాం. మైకు సెట్టు ఖాజాది. అంతకుముందు మేమిద్దరం ఎన్నో స్టేజీల మీద కలిసి పనిచేశాం.

సాయంత్రం సౌండు చూస్తుంటే బాక్సుల్లో గుయ్యిమని ఒకటే మోత. ఖాజా ఏం చేసినా పోలేదు. ఊరి పెద్దమనుషులు విసుక్కుంటున్నారు. ఇలాంటి మోతకు మా పనిలో ఒక దొంగ వైద్యం ఉంది. అతను వేరే వైర్లు తేవడానికి పోయినప్పుడు స్టేజీ పక్కనున్న నా కరెంటు బోర్డులో ఎర్త్ వైరు ఊడదీశాను. మోత ఆగింది. అందరూ భేష్ అన్నారు. ఖాజా తిరిగొచ్చి అనుమానంగా చూశాడు.

"ఏం చేసినవ్ అన్నా? ఎర్త్ మంచిగున్నదా?"

"ఉన్నది తమ్మీ. నువ్వేం పరేషాన్ గాకు."

నిజం చెబితే ఏం పోయేది? మళ్లీ పెట్టించేవాడు, మోతతోనే ప్రోగ్రాం నడిచేది, భేష్ అన్న నోళ్లే నన్ను విసుక్కునేవి. ఆ మాత్రానికి అబద్ధమాడానా? ఆడాను.

పాత సెట్టులో కాస్త కరెంటు లీకవడం మామూలే. దాన్ని మట్టిలోకి పంపేదే ఆ వైరు. అది లేకపోయేసరికి కరెంటు మైకులోకి వచ్చింది. రెండో పాటకు పాడే అమ్మాయి మైకు పట్టుకోగానే చెయ్యి అతుక్కుపోయింది. నేను మెయిన్ స్విచ్చి ఆపేసరికి స్టేజీ మీంచి కింద పడింది. చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. జనమంతా ఆమె చుట్టూ చేరారు. నేను మాత్రం, ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, బోర్డు దగ్గరికి పోయి ఆ వైరు మళ్లీ బిగించాను.

బోర్డు చూసినవాళ్లు ఎర్త్ ఉందన్నారు. తప్పు ఖాజా మైకుదైపోయింది. అతన్ని తిడుతుంటే కుక్కిన పేనులా నిలబడ్డాను. ఆ తర్వాత అతన్ని ఎవరూ పిలవలేదు. బాక్సులు అమ్ముకుని వనపర్తిలో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. నాకేమో ఎర్త్ విషయంలో మహా జాగ్రత్త మనిషినని పేరొచ్చింది. ఎవరైనా ఆ మాట అంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి.

ఈమధ్య నాగర్‌కర్నూల్‌లో ఒక స్టేజీకి లైను ఇస్తుంటే మైకతను కూడా ఎర్త్ మంచిగున్నదా అని అదే ప్రశ్న అడిగాడు. బోర్డు తెరిచి వైరు చూపించాను. మర్నాడే వనపర్తి పోయాను.

ఖాజా ఇంటి ముందు ఆటో కడుగుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను. చేతిలో తడిగుడ్డ పిండి ఆటో మీద వేశాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"మా ఆమెకు గూడ చెప్తవా అన్నా? ఆమె గూడ తప్పు నాదే అనుకుంటది."

ఆ ఇంట్లో ఇన్నేళ్లూ ఏం నడిచిందో నేనెన్నడూ ఆలోచించలేదు. గుమ్మానికున్న పరదా ఇవతల నిలబడి, లోపలున్న ఆమెకు మొదటి నుంచి మళ్లీ చెప్పాను. ఖాజా కూర్చోమనలేదు. పోయి రమ్మనీ అనలేదు.

నా బరువు దించుకోవడానికి వాళ్ల గాయం రేపానా? రేపే ఉంటాను. ఆ పాడిన అమ్మాయికి ఇంకా చెప్పనేలేదు, ఆమె ఊరు కూడా నాకు తెలియదు. అయినా బస్సెక్కాక గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ ఇప్పుడు తప్పు నాదని తెలుసు.